ఇంటర్ తర్వాత ఫోటోగ్రఫీ కోసం ఏ డిగ్రీ? రాజాం నుంచి వచ్చిన ప్రశ్నకు జవాబు

ప్రశ్న ఇది: "మాది రాజాం దగ్గర పల్లె. ఇంటర్ ఎంపీసీ ఈ ఏడాది అయిపోతుంది. ఫోటోగ్రఫీలోనే బతకాలని ఉంది. నాన్న బీటెక్ చెయ్యమంటున్నారు. బాబాయి ఏదో ఒక డిగ్రీ చాలంటున్నాడు. విశాఖలో ఒక సంస్థ మూడు నెలల కోర్సుకి లక్ష పైన అడుగుతోంది. ఏ డిగ్రీ తీసుకోవాలి? కెమెరా ఏది కొనాలి?"

మీ బాబాయి మాటలో సగం నిజం ఉంది. పెళ్లికి ఫోటోగ్రాఫర్ని మాట్లాడుకునేవాళ్లు గానీ, హోటల్ మెనూకి ఫోటోలు తీయించుకునేవాళ్లు గానీ పట్టా అడగరు, పాత ఆల్బమ్ అడుగుతారు. అయితే పట్టా చూపిస్తే తప్ప తెరుచుకోని తలుపులూ ఉన్నాయి. పుణే, కోల్‌కతా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్లలో సినిమాటోగ్రఫీ, ఫోటోగ్రఫీలో పీజీ, యూనివర్సిటీల్లో పాఠం చెప్పే ఉద్యోగం, కొన్ని ప్రభుత్వ శాఖల ఫోటోగ్రాఫర్ పోస్టులు ఈ కోవలోవి. ఇవి డిగ్రీ దగ్గరే వడపోత మొదలుపెడతాయి. అందుకని ఏ డిగ్రీ అన్నది తేలాలంటే, మీరు తీసే ఫోటోకి రేపు డబ్బిచ్చేది ఎవరో ముందు తేలాలి. పెళ్లివారా, ప్రకటనల కంపెనీయా, పత్రికా, సినిమా నిర్మాతా, ప్రభుత్వమా? ఒక్కో దానికి దారి వేరు.

పెళ్లిళ్ల సంగతి ముందు చెప్తాను. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎక్కువ స్టూడియోలకి అన్నం పెట్టేది అదే. పెళ్లి, ఓణీల ఫంక్షన్, బారసాల, గృహప్రవేశం: వీటి మీద బతకాలనుకుంటే దగ్గరి కాలేజీలో బీకామో బీబీఏనో చదవడం నా దృష్టిలో చాలా మంచి ఎంపిక. ఫోటో బాగా తీయడం రాక మూతపడిన స్టూడియోల కంటే లెక్క రాక మూతపడినవే ఎక్కువ. ఒక ఉదాహరణ చూడండి. 60 వేలకి ఒక పెళ్లి ఒప్పుకున్నారు. రెండో ఫోటోగ్రాఫర్, వీడియో మనిషి, ఆల్బమ్, ఎడిటింగ్, పెట్రోలు పోను 20 వేలు మిగిలిందనుకుందాం. అది లాభం కాదు. లక్షన్నర పెట్టి కొన్న కెమెరా మూడేళ్లు పనికొస్తుందనుకుంటే, ఏడాదికి 25 పెళ్లిళ్ల చొప్పున 75 పెళ్లిళ్లకి పంచాలి. అంటే పెళ్లికి 2 వేలు ఒక్క కెమెరా అరుగుదలకే పోతుంది. లెన్సులు, ఫ్లాష్‌లు, కంప్యూటర్, హార్డ్ డిస్కులు కూడా ఇలాగే లెక్కకట్టాలి. మూడేళ్ల తర్వాత కొత్త కెమెరాకి చేతిలో డబ్బు లేక అప్పు చేసేది ఈ లెక్క వెయ్యనివాళ్లే. ఇక బ్యాలెన్సు వసూలు. ఆల్బమ్ ఇచ్చేశాక అడిగితే రాదు, ఇవ్వకముందే రావాలి.

ఈ దారిలో అసలు చిక్కు హాజరు. డిగ్రీలో మామూలుగా 75 శాతం హాజరుండాలి. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం, కార్తీకం, మార్గశిరం పెళ్లిళ్ల నెలలు. సెమిస్టర్ పరీక్షలు సాధారణంగా నవంబరు చివరా, ఏప్రిల్-మే నెలల్లోనూ పడతాయి, అంటే సరిగ్గా కార్తీక మార్గశిరాలు, వైశాఖం మీదే. పరీక్షల నెలలో షూటింగ్ ఒప్పుకోవద్దు. ఆల్బమ్ డిజైనింగ్, కలర్ కరెక్షన్ లాంటి ఇంట్లో కూర్చుని చేసే పని మాత్రమే తీసుకోండి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం పెళ్లిళ్లు లేని నెలలు కాబట్టి కొత్త లైటింగ్ పద్ధతులు, ఎడిటింగ్ నేర్చుకునే కాలం అదే. బస్సులో గంటకు మించని కాలేజీ చూసుకోండి. రాత్రి రెండు గంటల ముహూర్తం కానిచ్చి పొద్దున్నే తొమ్మిదింటి క్లాసుకి వెళ్లాలంటే దూరం చాలా పెద్ద విషయం.

ఇప్పుడు నేరుగా ఫోటోగ్రఫీలోనే డిగ్రీ. దాని పేరు బీఎఫ్ఏ (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్), నాలుగేళ్లు. ఆంధ్రప్రదేశ్‌లో కడపలోని డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ 2020లో ఏర్పడింది. అక్కడ పెయింటింగ్, శిల్పం, యానిమేషన్, అప్లైడ్ ఆర్ట్‌తో పాటు ఫోటోగ్రఫీ బ్రాంచి ఉంది. ప్రవేశానికి ఏడీసెట్ అనే పరీక్ష రాయాలి. ఇంటర్‌లో ఏ గ్రూపు వాళ్లయినా రాయొచ్చు, మీ ఎంపీసీ అడ్డు కాదు. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఫోటోగ్రఫీ బీఎఫ్ఏ పాతది, పేరున్నది. దాని ప్రవేశపరీక్ష వేరు. అయితే ఒక సంగతి. రాష్ట్ర విభజన చట్టం పదేళ్ల పాటు ఉంచిన ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. కాబట్టి మన జిల్లాల పిల్లలకి అక్కడ ఏ కోటాలో అవకాశం ఉందో, ఫీజు ఎంత పడుతుందో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చదివాకే దరఖాస్తు చెయ్యండి. సీనియర్లు చెప్పే పాత సంగతుల మీద ఆధారపడొద్దు. మనకి దగ్గరలో విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది. ఆ ఏడాది ఏ బ్రాంచీల్లో సీట్లిస్తున్నారో చూసుకోండి.

ఫోటోగ్రఫీ బ్రాంచా, అప్లైడ్ ఆర్టా అని తటపటాయించేవాళ్లకి నా సలహా అప్లైడ్ ఆర్టే. అందులో అక్షరాల రూపకల్పన, లేఅవుట్, ప్రకటనల తయారీతో పాటు ఫోటోగ్రఫీ కూడా ఉంటుంది. బయటికొచ్చాక షూటింగులు లేని నెలల్లో డిజైన్ పని మీద ఇల్లు గడుస్తుంది. ప్రకటనల ఏజెన్సీలో ఆర్ట్ డైరెక్టర్ ఎలా ఆలోచిస్తాడో అర్థమైన ఫోటోగ్రాఫర్‌కి అక్కడ పని దొరకడం సులువు. ఫోటో తప్ప ఇంకేదీ చెయ్యనని గట్టిగా తేల్చుకున్నవాళ్లకే నేరుగా ఫోటోగ్రఫీ బ్రాంచి.

బీఎఫ్ఏలో చేరినవాళ్లు ఎక్కువగా నిరాశపడేది మొదటి ఏడాదిలో. చేరగానే కెమెరా చేతికిస్తారనుకుంటారు. చాలా చోట్ల మొదటి ఏడాది అంతా పునాది కోర్సే: పెన్సిల్ డ్రాయింగ్, రంగులు, కూర్పు, మట్టితో ఆకారాలు. ఇది దండగ కాదు. ముఖం మీద వెలుగు ఎక్కడ తిరిగి నీడవుతుందో చేత్తో గీసినవాడికి, స్టూడియోలో లైటు ఎక్కడ పెట్టాలో ఇట్టే తెలుస్తుంది.

బొమ్మ గీయించే బీఎఫ్ఏ ప్రవేశపరీక్షల్లో ముఖ్యమైనది జ్ఞాపకం మీద గీయడం. ఎంపీసీ పిల్లలు దెబ్బతినేది ఇక్కడే. ఆరు నెలల ముందు మొదలుపెట్టండి. 2బి, 4బి, 6బి పెన్సిళ్లు, ఏ3 కార్ట్రిడ్జ్ షీట్లు కొనుక్కోండి. రోజూ ఒక దృశ్యం, గడియారం పెట్టుకుని ఒక గంటలో పూర్తి చెయ్యాలి. రాజాం సంత, విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సు, సిరిమానోత్సవం గుంపు, నాగావళి ఒడ్డున బట్టలుతికేవాళ్లు, ఇలా మనుషులున్న దృశ్యాలే తీసుకోండి. సామాన్యంగా జరిగే తప్పులు మూడు. కంటిమట్టం గీత మనసులో పెట్టుకోకపోవడంతో దగ్గరి మనిషీ దూరపు మనిషీ ఒకే ఎత్తులో వస్తారు. బొమ్మ కాగితం మధ్యలో చిన్నగా ముడుచుకుపోతుంది. మొదటి నలభై నిమిషాలు ఒక్క మొహానికే పోయి, మిగతాది ఖాళీగా ఉండిపోతుంది. ముందు పది నిమిషాలు మొత్తం కాగితం మీద పలుచగా పెద్ద ఆకారాలు పెట్టేస్తే మూడో తప్పు జరగదు, రెండోది కూడా చాలావరకు తగ్గుతుంది.

డిజైన్ సంస్థల వైపు ఆసక్తి ఉంటే తేదీలే శత్రువులు. ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) బీడిజైన్ డిగ్రీకి, ఫ్యాషన్ సంస్థ నిఫ్ట్‌కి దరఖాస్తులు ఇంటర్ రెండో ఏడాది చదువుతుండగానే వచ్చి వెళ్లిపోతాయి. ఫలితాలొచ్చాక ఆలోచిద్దాం అనుకున్నవాళ్లకి ఏడాది పోయినట్టే. ఎన్ఐడీ పరీక్ష ప్రిలిమ్స్, మెయిన్స్ అని రెండు దశల్లో ఉంటుంది, వయసు పరిమితి కూడా ఉంది. మన రాష్ట్రంలోనూ ఎన్ఐడీ ఉంది. ఎన్ఐడీ అహ్మదాబాద్ వాళ్ల గాంధీనగర్ క్యాంపస్‌లో ఫోటోగ్రఫీ డిజైన్ అనే ఎండిజైన్ (పీజీ) ఉంది, అది డిగ్రీ తర్వాత. ఫ్యాషన్ ఫోటోలంటే ఇష్టమున్నవాళ్లకి హైదరాబాద్ నిఫ్ట్‌లో ఫ్యాషన్ కమ్యూనికేషన్ దగ్గరి చదువు.

సినిమా కెమెరా అయితే ఇంకో దారి. పుణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ (ఎఫ్‌టీఐఐ)లో, కోల్‌కతా సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్‌లో సినిమాటోగ్రఫీ కోర్సులు డిగ్రీ పూర్తయ్యాకే, మూడేళ్లు. డిగ్రీ ఏదైనా ఫరవాలేదు. కాబట్టి ఆ మూడేళ్లు గానీ నాలుగేళ్లు గానీ పరీక్షలు తప్పకుండా పాసయ్యే సబ్జెక్టు తీసుకుని, మిగిలిన సమయమంతా ఫోటోలు తీయడానికీ సినిమాలు శ్రద్ధగా చూడడానికీ పెట్టండి. ఢిల్లీ జామియా మిలియాలో స్టిల్ ఫోటోగ్రఫీ పీజీ డిప్లొమా కూడా ఏదైనా డిగ్రీ తర్వాతే.

పత్రికలకైతే ఏదైనా డిగ్రీ, ఆ తర్వాత జర్నలిజం పీజీ. ఆంధ్రా యూనివర్సిటీలో ఆ విభాగం ఉంది. అయితే ఒక్క ఫోటోలే తీసే ఉద్యోగాలు పత్రికల్లో తగ్గిపోతున్నాయి. వీడియో తీసి, నాలుగు వాక్యాల వార్త కూడా రాయగలిగినవాడికే చోటు. పక్షులు, అడవులంటే జువాలజీ ఉన్న బీఎస్సీ చదవండి. తేలినీలాపురంలో గూడబాతులు, తేలుకుంచిలో ఓపెన్‌బిల్ కొంగలు గూళ్లు కట్టే కాలం, వాటిని బెదరగొట్టకుండా ఎంత దూరంలో నిలబడాలన్నది తెలిసినవాడి ఫోటోకీ, పెద్ద లెన్సు మాత్రమే ఉన్నవాడి ఫోటోకీ తేడా చూడగానే తెలుస్తుంది. నేరస్థలాల ఫోటోగ్రఫీ, ఫోరెన్సిక్ ల్యాబుల వైపు వెళ్లాలన్నా సైన్సు డిగ్రీయే పునాది.

మీ నాన్నగారి మాటకొస్తాను. రాజాంలోనే ఇంజినీరింగ్ కాలేజీ ఉంది, ఇంటి నుంచే వెళ్లిరావచ్చు, ఆయనకలా అనిపించడంలో తప్పు లేదు. బీటెక్ కూడా డిగ్రీయే. ఎఫ్‌టీఐఐకి పనికొస్తుంది, కెమెరా లోపల సెన్సర్ ఎలా పనిచేస్తుందో ఎలక్ట్రానిక్స్ వాళ్లకి బాగా అర్థమవుతుంది. ఇబ్బందల్లా ల్యాబులు, రికార్డులు, ప్రాజెక్టులతో వారమంతా నిండిపోవడం. లెక్కలు మీకు కష్టం కాకపోతేనే ఆ వైపు వెళ్లండి. బ్యాక్‌లాగులు పడ్డాయంటే నాలుగేళ్లు ఆరేళ్లవుతాయి, ఫోటోగ్రఫీకి ఉన్న వయసు అందులోనే పోతుంది. ఆయనతో మాట్లాడేటప్పుడు ఫోటోగ్రఫీ ఇష్టమని చెప్పి ఊరుకుంటే పని కాదు. కోర్సు పేరు, ప్రవేశపరీక్ష తేదీ, నాలుగేళ్ల ఫీజు, హాస్టల్ ఖర్చు, ఆ తర్వాత చెయ్యగల మూడు పనులు ఒక కాగితం మీద రాసి ముందు పెట్టండి.

ఇక మూడు నెలల కోర్సు. అది డిగ్రీకి బదులు కాదు, డిగ్రీ అడిగే నోటిఫికేషన్లలో దాని సర్టిఫికెట్ లెక్కలోకి రాదు. ఎక్స్‌పోజరు, వైట్ బ్యాలెన్సు, ఫ్లాష్ సింక్ లాంటివి లక్ష పెట్టి నేర్చుకోవాల్సినవి కావు. అపర్చరు (లెన్సు రంధ్రం) ఒక స్టాపు మూస్తే, అంటే వెలుగు సగం చేస్తే, షట్టర్ వేగం కూడా ఒక స్టాపు తగ్గించాలన్న లెక్క ఒక సాయంత్రంలో వస్తుంది. డబ్బు కట్టే ముందు అక్కడ నాలుగు ప్రశ్నలు అడగండి. ఒక లైటుకి ఎంతమంది విద్యార్థులు? స్టూడియో నాకు ఒక్కడికీ వారానికి ఎన్ని గంటలు దొరుకుతుంది? పాఠం చెప్పేవారు గత ఏడాది డబ్బు తీసుకుని చేసిన పని చూపిస్తారా? మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారో రాతపూర్వకంగా ఇస్తారా? ఫలానా దూరపు యూనివర్సిటీ డిగ్రీ మేమే ఇప్పిస్తాం అంటే మాత్రం లేచి వచ్చెయ్యండి. ప్రైవేటు సంస్థలకి ఫ్రాంచైజీ ఇచ్చి డిగ్రీ కోర్సులు నడపడానికి యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) ఒప్పుకోదు. యూనివర్సిటీ పేరు యూజీసీ జాబితాలో ఉన్నంత మాత్రాన ఆ బడ్డీకొట్టు సెంటరుకి గుర్తింపు ఉన్నట్టు కాదు.

బీఎఫ్ఏ కాలేజీని కూడా ఇలాగే పరీక్షించాలి. బ్రోషర్ పక్కనపెట్టి ఫైనలియర్ పిల్లల జ్యూరీ (వాళ్ల పని గోడకి పెట్టి మార్కులు వేయడం) జరిగే రోజుల్లో వెళ్లండి. గోడ మీద ప్రింట్లు చూడండి. అన్ని ఫోటోలూ ఒకే సాఫ్ట్‌వేర్ ప్రీసెట్ వేసినట్టు ఉంటే అక్కడ లైటింగ్ నేర్పడం లేదని అర్థం. కాలేజీ కెమెరాలు, లైట్లు రాత్రికి ఇంటికిస్తారా, బీరువాలో తాళం వేసి ఉంచుతారా అన్నది పిల్లల్నే అడగండి, నిజం చెప్తారు.

పోర్ట్‌ఫోలియోకి మన చుట్టుపక్కల ఉన్న సరుకు వేరే జిల్లాల వాళ్లకి లేదు. పొందూరు వెళ్లండి. పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేసే పని దగ్గర్నించి మగ్గం దాకా పది, పన్నెండు ఫోటోల కథ చెయ్యండి. చేతుల దగ్గరి దృశ్యం, పనిచేసే గది మొత్తం, మనిషి ముఖం, పూర్తయిన బట్ట, నాలుగు రకాల దూరాలూ ఉండాలి. అందరూ చేసే పొరపాటు అన్నీ నడిమి దూరంలో తీయడం. తెల్ల పత్తి కెమెరా మీటర్‌ని మోసం చేసి బూడిదరంగులోకి తెస్తుంది, సగం నుంచి ఒక స్టాపు వరకు ఎక్స్‌పోజరు పెంచాలి. తర్వాత సారవకోట మండలం బుడితిలో ఇత్తడి సామాను. మెరిసే చెంబు తన ముందున్నదంతా చూపిస్తుంది, ఫోటో తీసేవాడితో సహా. నేరుగా ఫ్లాష్ కొడితే ఒక తెల్లచుక్క, మిగతా అంతా నలుపు. చెంబుకీ లైటుకీ మధ్య తెల్లపంచె బిగించి కట్టి, లైటుని పంచె వెనక మీటరు దూరం పెట్టండి. పంచె మొత్తం ఒకే పెద్ద వెలుగుగా మారి, ఇత్తడి గుండ్రదనం తెలుస్తుంది. ఖరీదైన సాఫ్ట్‌బాక్స్ చేసే పనీ ఇదే.

పోర్ట్‌ఫోలియోలో 15 నుంచి 20 ఫోటోలు చాలు. అరవై పెడితే చూసేవారికి బలహీనమైన పదే గుర్తుంటాయి. 8 బై 12 అంగుళాల ప్రింటు 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కలతో రావాలంటే 2400 బై 3600 పిక్సెళ్లు చాలు, అంటే తొమ్మిది మెగాపిక్సెళ్ల లోపే. మెగాపిక్సెళ్ల కోసం కొత్త కెమెరా అక్కర్లేదు. ల్యాబుకి పంపే ఫైలు ఎస్ఆర్‌జీబీ అనే కలర్ స్పేస్‌లో (ఫైలులో రంగులు రాసే పద్ధతి) ఉండాలి. వేరే కలర్ స్పేస్‌లో పంపితే చర్మం రంగు పాలిపోయి వస్తుంది, తప్పు ల్యాబుదని గొడవ పడతారు.

ఏ డిగ్రీలోనూ సరిగా చెప్పని ఒక చట్టం సంగతి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి వేరే ఒప్పందం లేకపోతే మొదటి యజమాని తీయించుకున్నవారే, తీసినవారు కాదు. ఉద్యోగంలో ఉండి తీస్తే సాధారణంగా యజమాని సంస్థే. కాబట్టి పెళ్లి ఫోటోలు మీ పేజీలో పెట్టుకునే హక్కు, కంపెనీ ఆ ఫోటోని ఎన్నాళ్లు వాడుకోవచ్చన్నది ముందే ఒక కాగితం మీద రాయించుకోవాలి. డ్రోన్ కూడా అంతే. 250 గ్రాములు దాటిన డ్రోన్‌తో డబ్బుకి పనిచేయాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి, దానికి 18 ఏళ్లు నిండి పదో తరగతి పాసై, గుర్తింపు ఉన్న సంస్థలో శిక్షణ తీసుకోవాలి. విమానాశ్రయాల చుట్టూ 5 కిలోమీటర్లు రెడ్ జోన్ (అనుమతి లేకుండా ఎగరేయకూడని చోటు) కాబట్టి, భోగాపురం వైపు పెళ్లి ఒప్పుకునేముందు ఎయిర్‌స్పేస్ మ్యాప్ చూసుకోండి.

ఆఖరికి కెమెరా. కోర్సు ఫీజుకి దాచిన డబ్బు కెమెరా మీద పెట్టొద్దు. మొదటి ఏడాదికి ఒకరు వాడి అమ్మే క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరా బాడీ, దాంతో వచ్చే కిట్ లెన్సు, 50 ఎంఎం 1.8 లెన్సు, చేత్తో అన్ని సెట్టింగులూ మార్చుకోగల ఒక ఫ్లాష్, 64 జీబీ కార్డులు రెండు. అంతే. తర్వాత స్టూడియో పెట్టేటప్పుడు చిన్న వ్యాపారాలకిచ్చే కేంద్ర ప్రభుత్వ ముద్ర రుణం ఉంది, శిశు కింద 50 వేల వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు. వాడిన బాడీ కొనేటప్పుడు షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా తీసిన ఫోటోల లెక్క) చూడండి. అపర్చరు ఎఫ్16 దగ్గర పెట్టి ఆకాశాన్ని ఫోటో తీసి పెద్దది చేస్తే సెన్సర్ మీద మచ్చలు కనిపిస్తాయి. లెన్సులోకి ఒకవైపు నుంచి టార్చి వేసి రెండోవైపు నుంచి చూస్తే సాలెగూడు లాంటి సన్నని పోగులు కనిపించాయంటే ఫంగస్, ఎంత చవకగా ఇచ్చినా వద్దు. కళింగపట్నం, భావనపాడు లాంటి సముద్రపు ఊళ్లలో వాడిన లెన్సులకి ఇది ఎక్కువ. మన వానాకాలం తేమకి తోలు బ్యాగులో మూసిపెట్టిన లెన్సు కూడా ఒక్క ఏడాదిలో పాడైపోతుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో పావుకిలో సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటరు పెట్టి, 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే మూకుడులో సన్నసెగ మీద మళ్లీ నీలం అయ్యేదాకా వేయించి వాడుకోవచ్చు. ఆ మూకుడు మళ్లీ వంటకి వాడొద్దని అమ్మకి ముందే చెప్పండి.